పరీక్షకు నడిపిన బండి: నష్టమునకు పూచీ ఎవరిది?

(గ్రామ పంచాయతీ సభ్యుల నగర సందర్శన సందర్భమున జూబిలీ హిల్స్‌లో చేసిన ప్రసంగ పాఠము)



నేటి ఉదయము మీరు జూబిలీ హిల్స్ చెక్‌పోస్టు మొదలుకొని 36వ నెంబరు రోడ్డు మీదుగా ఫిల్మ్‌నగరు వరకు వచ్చితిరి. దారికి ఇరువైపుల అద్దాల గోడల వెనుక బారులు తీర్చిన కొత్త మోటారు కార్లను చూచితిరి. ఫిల్మ్‌నగరులో తెలుగు చలనచిత్ర వాణిజ్య మండలి కార్యాలయమును, రామానాయుడు స్టూడియోను చూచితిరి. ఒకప్పుడు మద్రాసులో నెలకొనియుండిన తెలుగు చిత్ర పరిశ్రమ ఈ రాతి గుట్టల మీదికి తరలివచ్చి స్థిరపడిన సంగతి మీకు తెలిసినదే. పరిశ్రమతో పాటు మోటారు కార్ల వ్యాపారము కూడ ఇచ్చట పెరిగినది.

కొనదలచినవాడు "ఒకమారు నడిపి చూతును" అని అడుగుట, అంగడివారు తాళపు చెవి ఇచ్చుట ఇచ్చట నిత్యకృత్యము. గుట్టలను తొలిచి వేసిన ఈ రోడ్లు ఎత్తుపల్లములతో, మలుపులతో కూడియున్నవి. వీనిని చూచి మీలో ఒక సభ్యుడు, "అయ్యా, నడిపి చూచునప్పుడు బండికి సొట్ట పడినచో సొమ్ము ఎవరు కట్టవలెను?" అని నన్ను అడిగెను. కొందరు నవ్విరి. కాని అది నవ్వుటకు తగిన ప్రశ్న కాదు. మీ గ్రామములో రేపు మీ ముందుకు రాగల ప్రశ్న. అందుచేత నేటి ప్రసంగమునకు దానినే విషయముగా గైకొనుచున్నాను.

పల్లెకు ఈ గొడవ ఎందుకు?

పల్లెలలో కార్ల అంగళ్లు అరుదుగా ఉండవచ్చును. కాని ట్రాక్టర్లు, మోటారు సైకిళ్లు, ఆటోలు చేతులు మారని గ్రామము లేదు. "బాబాయి, ఒక గంట దమ్ము చేసి చూస్తాను, నచ్చితే రేపే బయానా ఇస్తాను" అని అన్న కొడుకు అడుగును. "తీసుకుపోరా అబ్బాయి" అని పినతండ్రి తాళపు చెవి చేతిలో పెట్టును. కాగితము లేదు, సాక్షి లేడు, భీమా గడువు ఎప్పుడు తీరునో ఇద్దరికిని తెలియదు. సాయంకాలమునకు ఇరుసు విరిగినను, ఎవరికైన కాలు విరిగినను, తగాదా రచ్చబండ వద్దకు వచ్చును. అప్పుడు మిమ్ములను పిలుతురు.

అట్టి వేళ పెద్దలు సాధారణముగా చెప్పు తీర్పు ఒక్కటే: "ఎవరి చేతిలో పాడైనదో వారే కట్టవలెను." ఈ తీర్పు వినుటకు సులభముగా ఉన్నది. కాని శాసనము ఇట్లు చెప్పుట లేదు. న్యాయము కూడ ఎల్లప్పుడును ఇట్లుండదు.

పరీక్షకు నడిపిన బండి వలన కలుగు నష్టము మూడు విధములు. దారిని పోవు పరునికి గాని, అతని ఆస్తికి గాని కలుగు నష్టము ఒకటి. బండికే కలుగు నష్టము రెండవది. బండి నడిపినవానికి కలుగు నష్టము మూడవది. ఈ మూటికిని మూడు వేరు సమాధానములు కలవు. వీనిని ఒకదానితో నొకటి కలుపుట వలననే చిక్కులు పుట్టుచున్నవి.

మొదటిది: దారిని పోవువాని నష్టము

దారిని పోవువానికి మీ బేరముతో నిమిత్తము లేదు. బండి ఎవరు అమ్ముచున్నారో, ఎవరు కొనుచున్నారో అతడు ఎరుగడు. కావున శాసనము మొదట అతనినే కాపాడుచున్నది. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 146వ సెక్షను ప్రకారము, పరులకు కలుగు నష్టమునకు భీమా లేని బండిని బహిరంగ స్థలమున నడుపరాదు, నడుపనీయరాదు. పరీక్షకు నడుపుటయు నడుపుటయే. దానికి మినహాయింపు లేదు.

కొత్త బండ్లను అమ్ము డీలరునకు రవాణా శాఖవారు ట్రేడు సర్టిఫికెట్టు ఇత్తురు. ఇంకను రిజిస్టరు కాని బండిని వ్యాపారము నిమిత్తము రోడ్డు మీదికి తెచ్చుటకు ఇది ఆధారము. అది డీలరు పేరిట ఉండును. కొనవచ్చినవాడు దానిని తనదిగా వాడుకొనజాలడు. అంగడి మనిషి ప్రక్కన కూర్చుండుటకు ఇదియు ఒక కారణము.

పరునికి దెబ్బ తగిలినప్పుడు అజాగ్రత్తగా నడిపినవాడు పూచీపడును. బండి యజమానియు పూచీపడును. యజమాని తరపున భీమా కంపెనీ చెల్లించును. ఇచ్చట ఒక సూక్ష్మము కలదు. 1966లో సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పినది. ఒక టాక్సీ యజమాని బండిని నడుపుకొనుటకు మరియొకనికి అప్పగించెను. అతడు యజమానికి తెలియకుండ వేరొకనికి డ్రైవింగు లైసెన్సు పరీక్ష నిమిత్తము బండిని ఇచ్చెను. ఆ పరీక్షలో ప్రమాదము జరిగెను. ఆ నడక యజమాని పనిలో భాగము కాదు గనుక యజమానికి పూచీ లేదని ధర్మాసనములో అధిక సంఖ్యాకులు నిర్ణయించిరి. దీనిని తలక్రిందుగా చూచినచో మన ప్రశ్నకు వెలుగు లభించును. అమ్మకము కొరకు బండిని నడిపి చూపుట అమ్మువాని సొంత పనియే. అతడు ఎరిగి, ఒప్పుకొని, తన లాభము కొరకు ఇచ్చిన తాళపు చెవి అది. "నేను నడుపలేదు" అని అతడు తప్పుకొనుట కష్టము.

అట్లే 1988లో గోవా నుండి వచ్చిన ఒక వ్యాజ్యములో, మరమ్మతునకు ఇచ్చిన బండి మరమ్మతుదారు వద్ద ఉండగా పరులకు హాని కలిగినను, భీమా కంపెనీ ఆ కారణముగా తప్పించుకొనజాలదని సుప్రీంకోర్టు చెప్పినది. మెకానిక్కు బ్రేకులు సరిచూచుటకు బండిని ఊరి వీథిలో త్రిప్పినప్పుడు ఇది జ్ఞప్తికి తెచ్చుకొనదగినది.

"పరుడు" అనగా మనిషియే అనుకొనరాదు. మీ పంచాయతీ కూడ పరుడే. ట్రయలుకు తెచ్చిన ట్రాక్టరు మీ వీథిదీపపు స్తంభమును గ్రుద్దినను, కుళాయి దిమ్మెను కూల్చినను, మోరీ గోడను పడగొట్టినను, నష్టము పొందిన పక్షము మీ పంచాయతీయే. ఊరి సొమ్మును "మనవాడే గదా" అని వదలివేయుటకు సభ్యునికి అధికారము లేదు.

రెండవది: బండికి కలిగిన నష్టము

ఇది అమ్మువానికిని కొనవచ్చినవానికిని మధ్యగల విషయము. దీనికి రెండు పాత శాసనములు ఆధారము: 1872 నాటి కాంట్రాక్టు చట్టము, 1930 నాటి సరకుల విక్రయ చట్టము.

రెండవదానిలోని 26వ సెక్షను, వేరు ఒడంబడిక లేనిచో, సొత్తు మారువరకు దాని కష్టనష్టములు అమ్మువానివే అని చెప్పుచున్నది. పరీక్షకు నడుపునప్పటికి బండి ఇంకను అమ్మువానిదే. కావున ఎవరి తప్పును లేక కలిగిన నష్టము, అనగా చెట్టుకొమ్మ విరిగిపడుట, ఆగియున్న బండిని వెనుకనుండి లారీ గ్రుద్దుట వంటిది, కొనవచ్చినవానిపై పడదు. లారీవాని తప్పైనచో అమ్మువాడు లారీవానినే అడుగవలెను.

అట్లని కొనవచ్చినవాడు ఏమి చేసినను చెల్లునని కాదు. ఒకరి వస్తువు మన చేతికి అప్పగింతగా వచ్చినప్పుడు ఎంత జాగ్రత్త చూపవలెనో కాంట్రాక్టు చట్టము 151వ సెక్షను చెప్పుచున్నది. సామాన్య వివేకము గలవాడు తన సొంత వస్తువును ఎట్లు చూచుకొనునో అట్లు చూచుకొనవలెను. అంత జాగ్రత్త చూపినను నష్టము కలిగినచో, ప్రత్యేకమైన ఒడంబడిక లేనియెడల, అతనికి పూచీ లేదని 152వ సెక్షను చెప్పుచున్నది. మన పెద్దలు "అరువు సొమ్ము బరువు చేటు" అనిరి. శాసనము ఆ బరువును తూచి, వివేకవంతుడు మోయగలిగినంత మాత్రమే అతని తలపై పెట్టినది. అంగడి మనిషి ప్రక్కనే కూర్చుండి దారి చెప్పుచున్నప్పుడు బండి పూర్తిగా మనకు అప్పగింత అయినదా అను వాదము కూడ రావచ్చును. ఒంటరిగా తీసుకొనిపోయినచో ఆ వాదమునకు తావు లేదు.

అమ్మువానికిని ధర్మము కలదు. అప్పగించిన వస్తువులో తాను ఎరిగిన లోపమును చెప్పవలెనని 150వ సెక్షను విధించుచున్నది. బ్రేకు సరిగా పట్టుట లేదని తెలిసియు దాచి, ఫిల్మ్‌నగరు పల్లములో బండిని నడుపుమని ఇచ్చినచో, ఆ బండి గోడను తాకినప్పుడు నడిపినవానిని సొమ్ము అడుగుటకు అమ్మువానికి ముఖము ఉండదు. పైగా నడిపినవానికి కలిగిన నష్టమునకు తానే పూచీపడవలసివచ్చును.

ఇక 154వ సెక్షను. ఒప్పుకొన్న పనికి కాక వేరు పనికి వస్తువును వాడినచో, ఆ వాడుకలో గాని దాని కారణముగా గాని కలిగిన నష్టమునకు వాడినవాడే పూచీ. జాగ్రత్తగానే వాడితిననుట ఇచ్చట సాకు కాదు. "రెండు మైళ్లు తిరిగి వత్తును" అని చెప్పి, బండిని బంధువుల పెండ్లికి తీసుకొనిపోయినవాడు ఈ కోవలోనివాడు. పొలములో ఒక మడి దమ్ము చేసి చూతునని తీసుకొనిపోయి, ఇనుప కేజీ వీల్సుతో తారు రోడ్డుపై తోలినవాడును ఈ కోవలోనివాడే. వాడు ట్రాక్టరు యజమానికి ఒకవైపు, రోడ్డు చెడిన ఊరికి ఒకవైపు జవాబు చెప్పవలెను.

ఫిల్మ్‌నగరు వాడుకలో ఈ సెక్షనుల భేదము స్పష్టముగా కానవచ్చును. సినిమాలలో కనిపించు కార్లు, లారీలు, ఎడ్లబండ్లు పెక్కు అద్దెకు తెచ్చినవి. ఉచితముగా ఇచ్చినవాడు తాను ఎరిగిన లోపమునకే పూచీ. అద్దెకు ఇచ్చినవాడు తాను ఎరుగని లోపమునకు కూడ పూచీ. అట్లే నాయకుడు కారు దిగు దృశ్యమునకని అద్దెకు తెచ్చి, అదే కారును తరుముకొనుపోవు దృశ్యమునకు వాడినచో, ఆ నష్టము చిత్రము తీయువారిది. మీ ఊరిలో వరికోత యంత్రమును అద్దెకు తెచ్చుకొను రైతునకును ఇదే న్యాయము.

అంగడిలో నడుపుటకు ముందు ఒక కాగితముపై సంతకము చేయుమందురు. చదువక చేయరాదు. "ఏ నష్టమైనను నేనే భరింతును" అని వ్రాసియున్నచో, అదియే నేను చెప్పిన ప్రత్యేకమైన ఒడంబడిక కాగలదు. ఇంత మొత్తము కట్టవలెనని అంకె వ్రాసియున్నను, 74వ సెక్షను ప్రకారము న్యాయస్థానము ఆ అంకెకు మించకుండ తగిన పరిహారమునే ఇప్పించును. సంతకమునకు ముందు అడుగవలసిన ప్రశ్న ఒక్కటి చాలును: "ఈ బండికి సొంత నష్టపు భీమా కలదా? అందులో యజమాని భరించవలసిన భాగము ఎంత?" పరుల నష్టపు భీమా మాత్రమే ఉన్నచో బండి సొట్టకు ఒక్క రూపాయి రాదు. సొంత నష్టపు భీమా ఉన్నను, ఒకమారు సొమ్ము కోరినచో మరుసటి సంవత్సరము ప్రీమియములో లభించు రాయితీ పోవును. ఆ రాయితీ 20 నుండి 50 శాతము వరకు ఉండును. ఆ నష్టము ఎవరిదో కూడ ముందే మాటలాడుకొనుట మంచిది.

మూడవది: నడిపినవాని దెబ్బ

దీనిని ఎవరును తలపరు. 2009లో సుప్రీంకోర్టు విచారించిన కర్ణాటక వ్యాజ్యము ఒకటి చెప్పెదను. ఒకడు మరియొకని మోటారు సైకిలును అరువు తీసుకొని పోవుచుండెను. ముందు ఇనుప రేకులతో పోవుచున్న ఎడ్లబండి హఠాత్తుగా ఆగెను. మోటారు సైకిలు దానిని తాకి, నడిపినవాడు మరణించెను. కుటుంబమువారు ఆ మోటారు సైకిలు భీమా నుండి, తప్పు నిరూపింపనక్కరలేని సెక్షను క్రింద పరిహారము కోరిరి. బండిని అరువు తీసుకొన్నవాడు యజమాని స్థానములో నిలుచును. యజమాని తన బండి విషయమున తానే పరుడు కాజాలడు. కావున ఆ సెక్షను క్రింద సొమ్ము రాదని న్యాయస్థానము చెప్పినది. యజమానికి 15 లక్షల రూపాయల వ్యక్తిగత ప్రమాద భీమా ఉండవచ్చును. కాని అది యజమాని పేరిటిది. ట్రయలు చూడవచ్చినవానికి అది చెందదు.

కావున తాళపు చెవి అందుకొను యువకుడు, తనకు ఏమైనను తన ఇల్లాలికి ఆ బండి భీమా నుండి ఏమియు రాకపోవచ్చునని ఎరిగియుండవలెను. శిరస్త్రాణము ధరించుమని ఇంతకంటె గట్టిగా చెప్పు మాట నాకు తెలియదు.

లైసెన్సు లేని చేతికి తాళపు చెవి

ఇంతవరకు చెప్పినదంతయు నడిపినవానికి లైసెన్సు ఉన్నదను భావముతో చెప్పితిని. లైసెన్సు లేనివానికి బండి ఇచ్చిన యజమానికి 5,000 రూపాయల జుల్మానా గాని, మూడు మాసముల వరకు జైలు గాని, రెండును గాని విధింపవచ్చునని 180వ సెక్షను చెప్పుచున్నది. పదునెనిమిది ఏండ్లు నిండని బాలుడు నడిపి నేరము చేసినచో, 2019 సవరణ ప్రకారము అతని సంరక్షకునికి లేక బండి యజమానికి మూడేండ్ల వరకు జైలు, 25,000 రూపాయల జుల్మానా కలవు. భీమా విషయమున 2004లో సుప్రీంకోర్టు స్థిరపరచిన మార్గము ఏమనగా, లైసెన్సు షరతు తప్పినను చాలా సందర్భములలో కంపెనీ మొదట దెబ్బతిన్న పరునికి చెల్లించును. పిమ్మట ఆ సొమ్మును యజమాని నుండి రాబట్టుకొనును. "భీమా ఉన్నది గదా" అని ధైర్యముగా ఉన్న రైతు, పొలము అమ్మి కట్టవలసిన స్థితికి వచ్చుట ఇట్లే.

పాత బండ్ల బేరములు

పాత బండ్ల వ్యాపారులకు 2023 ఏప్రిల్ 1 నుండి కొత్త నిబంధనలు అమలులోనికి వచ్చినవి. రిజిస్టరైన బండ్లను అమ్మిపెట్టు డీలరు రవాణా శాఖ నుండి అధికార పత్రము పొందవలెను. బండి తన వద్ద ఉన్నంతకాలము అతడే యజమానిగా ఎంచబడును. ఆ బండిని కొనువారికి నడిపి చూపుట, మరమ్మతు వంటి పనులకే వాడవలెను. ప్రతి ప్రయాణమునకు ఎవరు నడిపిరి, ఏ పనికి, ఏ వేళ, ఎంత దూరము అను వివరములు ఎలక్ట్రానిక్ రిజిస్టరులో వ్రాయవలెను. సొట్ట ఎప్పుడు పడినదను తగాదా వచ్చినప్పుడు ఈ రిజిస్టరే సాక్షి.

అన్నదమ్ముల మధ్య, ఇరుగుపొరుగుల మధ్య బేరము జరిగినప్పుడు ఈ రిజిస్టరు ఉండదు. అచ్చట మరియొక ముప్పు కలదు. సొమ్ము చేతులు మారును, బండి చేతులు మారును, రిజిస్ట్రేషను మాత్రము మారదు. 2018లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన వ్యాజ్యములో ఒక బండి పెక్కు చేతులు మారినది. కాని రవాణా శాఖ పుస్తకములో మొదటివాని పేరే నిలిచియుండెను. ప్రమాదమునకు అతడే యజమానిగా పూచీపడవలెనని తీర్పు వచ్చినది. ట్రయలు ఒక గంటలో ముగియును. పేరు మార్పించని అమ్మకము సంవత్సరముల తరబడి సాగు ట్రయలు వంటిది. కావున అమ్మినవాడు ఒకే రాష్ట్రములోనైనచో పదునాలుగు దినములలోపల, కొన్నవాడు ముప్పది దినములలోపల రవాణా శాఖకు తెలుపవలెను.

పంచాయతీ సభ్యుని కర్తవ్యము

తాళపు చెవి చేతులు మారకముందే అయిదు విషయములు చూచుకొనుమని మీ గ్రామస్థులకు చెప్పుడు.

ఒకటి: నడుపువాని లైసెన్సు ఆ తరగతి బండికి చెల్లునా, గడువు ఉన్నదా.

రెండు: భీమా ఉన్నదా, ఏ విధమైనది, ఏ తేదీ వరకు.

మూడు: బండి చుట్టును తిరిగి ఉన్న గీతలు, సొట్టలు ఇద్దరును చూడవలెను. సెల్‌ఫోనులో ఫోటోలు తీసుకొనుట ఇంకను మేలు.

నాలుగు: ఎరిగిన లోపములు అమ్మువాడు నోరు తెరచి చెప్పవలెను.

అయిదు: ఎంత దూరము, ఎంతసేపు, ఏ పనికి, నష్టము కలిగినచో ఎవరు ఎంత భరింతురు అనునవి నాలుగు పంక్తులలో వ్రాసి, ఇద్దరును సంతకములు చేయవలెను. బంధువుల మధ్య కాగితము అవమానము కాదు. బంధుత్వమును నిలుపునది ఆ కాగితమే.

నష్టము బండికి మాత్రమే కలిగినచో మీరు మధ్యవర్తులుగా కూర్చుండవచ్చును. అప్పుడు "ఎవరి చేతిలో?" అని మొదట అడుగకుడు. నడిపినవాడు వివేకవంతుని వలె నడిపెనా? ఒప్పుకొన్న పనికే వాడెనా? అమ్మువాడు లోపమును దాచెనా? ముందు ఏమని ఒప్పుకొనిరి? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబులు వచ్చినచో, ఎవరు ఎంత కట్టవలెనో చాలవరకు తేలును. తప్పు ఇరువురిదైనచో భారమును పంచుడు.

మనిషికి దెబ్బ తగిలినచో మాత్రము రచ్చబండ వద్ద పని లేదు. మొదటి పని ఆసుపత్రి. మోటారు వాహన ప్రమాదములో గాయపడినవారికి, నిర్ణయించిన ఆసుపత్రులలో ఏడు దినముల వరకు, లక్షా యాబది వేల రూపాయలకు మించకుండ నగదు లేని చికిత్స కల్పించు కేంద్ర పథకము 2025 మే మాసమున అమలులోనికి వచ్చినది. రెండవ పని పోలీసు ఠాణాకును, భీమా కంపెనీకిని తెలుపుట. మూడవ పని పరిహారమునకై ట్రిబ్యునలు నాశ్రయించుట. తప్పు ఎవరిదని నిరూపింపనక్కరలేకయే 164వ సెక్షను క్రింద మరణించినవాని కుటుంబమునకు 5 లక్షలు, తీవ్రముగా గాయపడినవానికి రెండున్నర లక్షలు కోరుటకు హక్కు కలదు. తప్పు నిరూపించి అధిక పరిహారము కోరుటకు 166వ సెక్షను కలదు. దానికి 2019 సవరణ ఆరు మాసముల గడువు విధించినది. కావున కాలయాపన కూడదు.

ఈ సంగతి తెలియని పల్లెలో ఏమి జరుగునో తలపుడు. కూలికి పోవు మనిషిని ట్రయలు ట్రాక్టరు త్రొక్కును. "ఇద్దరును మన ఊరివారే, కేసు ఎందుకు?" అని పెద్దలు ఇరువది వేలు ఇప్పించి, తెల్ల కాగితముపై వేలిముద్ర వేయింతురు. ట్రాక్టరు యజమాని ఊపిరి పీల్చుకొనును. కొనవచ్చినవాడు మెల్లగా తప్పుకొనును. కాలు పోయిన మనిషి జీవితాంతము ఇంటి అరుగుపై కూర్చుండును. శాసనము అతనికి లక్షలు ఇవ్వ సిద్ధముగా ఉండగా, మన మంచితనము అతని నోటి ముందు కూడు తీసివేసినది. అట్టి రాజీకి పంచాయతీ సభ్యుడు సాక్షి సంతకము చేయరాదు. నేటి నా ప్రసంగములో మీరు ఒక్క మాట మాత్రమే జ్ఞాపకముంచుకొనదలచినచో, ఈ మాటను ఉంచుకొనుడు.

సభ్యులారా, యంత్రము పల్లెకు వచ్చుట సంతోషించదగిన విషయము. నచ్చిన యంత్రమును నడిపి చూచి కొనుట వివేకము. కాని చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొనుట వివేకము కాదు. వచ్చు గ్రామసభలో పది నిమిషములు ఈ విషయమునకు కేటాయింపుడు. భీమా గడువు తీరిన ట్రాక్టర్లు, మోటారు సైకిళ్లు మీ ఊరిలో ఎన్ని కలవో అడిగి తెలిసికొనుడు. పేరు మారని పాత బండ్ల యజమానులను రవాణా శాఖ కార్యాలయమునకు పంపుడు. ఈ రెండు పనులకు పంచాయతీ నిధి నుండి ఒక్క పైసా ఖర్చు కాదు. అవి జరిగిన ఊరిలో రేపు ఒక ప్రమాదము సంభవించినను, ఏ కుటుంబమును దిక్కులేక మిగులదు.